పెద్ద చిలుక వచ్చే ముందు

మా ఇంట్లోంచి మొదట బయటికి వెళ్లింది నాన్‌స్టిక్ పెనం. దాని వెనకే దోమల బత్తీలు, అగరొత్తులు, గదిలో కొట్టుకునే స్ప్రేలు. అప్పటికి పక్షి రాలేదు. ఏ పక్షి వస్తుందో కూడా తేలలేదు. అయినా పెనం పోవాల్సిందే. దాని పూత మరీ కాగినప్పుడు లేచే ఆవిరిని వంట చేస్తున్న మనిషి గమనించకపోవచ్చు. అదే గాలి పీల్చిన చిలుక నిమిషాల్లో చచ్చిపోతుంది. పక్షి ఊపిరి మన ఊపిరిలాంటిది కాదు. ఒంట్లో గాలి తిత్తులుంటాయి, ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కుగా సాగుతుంది, ఎగరడానికి కావలసిన ప్రాణవాయువును పూర్తిగా పిండుకునేలా. విషాన్నీ అలాగే పిండుకుంటుంది. పూర్వం బొగ్గుగనుల్లోకి కెనరీ పిట్టను వెంట తీసుకెళ్లింది ఇందుకే.

దేవుడి గదిలో పొగ మానేద్దామంటే అత్తయ్యగారు ఏమంటారోనని భయపడ్డాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "ఆండాళ్ తల్లి చేతిలో ఉండేదే చిలుక. దానికి పొగపెట్టి ఆవిడకు పూజ చేస్తామటే అమ్మాయ్?" అన్నారు. ఆ రోజు నుంచి దీపం ఒక్కటే.

"ఏ చిలుక కొనుక్కుంటే బాగుంటుందండీ?" అని ఈమధ్య మా ఇంటికొచ్చినవాళ్లు అడుగుతున్నారు. మెకానా, కాకటూనా, ఆఫ్రికన్ గ్రేనా అని. నేను తిరిగి వాళ్లనే అడుగుతాను. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా? పక్కవాళ్లదీ మీదీ ఒకే గోడా? పగలు ఇంట్లో ఎవరుంటారు? మీ వయసెంత? చిలుకను ఎంచుకునే ముందు మన ఇల్లు చిలుకకు పనికొస్తుందా అన్నది తేలాలి. ఇది నాకు ఏడాదిన్నర తిరిగితే గాని అర్థం కాలేదు.

చిన్నప్పుడు మా అమ్మమ్మగారింట్లో, తెనాలి దగ్గర పల్లెటూళ్లో, వసారాలో గుండ్రటి ఇనప పంజరం వేలాడుతూ ఉండేది. అందులో రామచిలుక. పచ్చిమిరపకాయ పెడితే కాలివేళ్లతో పట్టుకుని, గింజలు ఒలుచుకుని తినేది. మనకు మంట పుట్టించే పదార్థం పక్షులకు మంట పుట్టించదు. పక్షి గింజల్ని దూరాలకు మోసుకుపోయే జీవి కాబట్టి మిరప మొక్క దాన్ని బాధపెట్టదు. అప్పట్లో మాకు అదో వింత. అంతకన్నా వింత, అది పంజరంలో ఒకే పక్కకి గిరగిరా తిరగడం. మెడ ఒకే తీరున వంచడం, ఎత్తడం, మళ్లీ వంచడం. ఆడుతోందని పిల్లలమంతా చప్పట్లు కొట్టేవాళ్లం. అది ఆట కాదు. తోడులేక, కదిలే చోటులేక మనసు చెదిరిన జీవి చేసే పని అది. బోనులో పులి అటూ ఇటూ నడుస్తూనే ఉంటుంది చూడండి, అదే ఇదీ. నలభై ఏళ్ల తర్వాత ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మనవాళ్లు చిలుకకు కథల్లో ఇచ్చిన చోటు చిన్నది కాదు. మన్మథుడికి వాహనం చేశారు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం తీసుకెళ్లి చిలుకలో పెట్టారు. కదిరీపతి శుకసప్తతిలో కథ మీద కథ చెప్పి ఇల్లాలిని గడప దాటకుండా ఆపింది చిలుకే. ఇంట్లో పెంచుకున్నదానికి మాత్రం అడుగున్నర పంజరం.

రామచిలుకను ఇప్పుడు ఇంట్లో పెట్టుకోకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం అన్నీ నేరాలే. 2018లో ఆంధ్రప్రదేశ్ దాన్ని రాష్ట్ర పక్షిగా కూడా చేసుకుంది. అయినా సంతల్లో దొరుకుతూనే ఉంది, జోస్యం చెప్పేవాళ్ల పెట్టెల్లో చీట్లు తీస్తూనే ఉంది. కళ్లు తెరవని పిల్లల్ని చెట్టు తొర్రల్లోంచి తీసి, బుట్టల్లో కుక్కి తెస్తారు. అందులో బతికి బట్టకట్టేవి కొన్నే. జాలిపడి ఒకదాన్ని కొంటే ఇంకో తొర్ర ఖాళీ అవుతుంది. కాబట్టి ఇంట్లో చిలుక ఉండాలనుకునేవాళ్లకు మిగిలింది, ఇక్కడే పంజరాల్లో పుట్టిపెరిగిన విదేశీ జాతులు.

నేను మొదట మనసుపడింది నీలం, పసుపు రంగుల మెకా మీద. మైసూరు దత్తపీఠంలోని శుకవనానికి వెళ్లిన తెలుగువాళ్లకు ఆ పక్షి తెలిసే ఉంటుంది. రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు మీటరు దాటుతుంది. అక్కణ్నుంచి వచ్చాక నెలరోజులు కళ్లముందు అదే. తర్వాత హైదరాబాదులో తెలిసినవాళ్ల అపార్ట్‌మెంటులో, నాలుగో అంతస్తులో, అదే పక్షిని చూశాను. సాయంత్రం అయిదున్నరకి అరుపు మొదలుపెట్టింది. దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల పైనుంచి తన గుంపును పిలవడానికి పుట్టిన గొంతు అది. పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి పిలవడం దాని ధర్మం. ఆ గదిలో నా చెవులు గింగురుమన్నాయి. టేకు గుమ్మాన్ని మూడువేళ్ల లోతున కొరికేసింది. ఆ ఇంటివాళ్ల ప్రేమలో లోపం లేదు, పక్షిలో తప్పు లేదు. ఆ పక్షికి ఆ ఇల్లు సరిపోదు, అంతే. తోటా, దూరంగా పొరుగిల్లూ ఉన్నవాళ్లే మెకా మాట ఆలోచించుకోవాలి.

కాకటూ తెల్లటి కుచ్చు చూసి మురిసిపోనివాళ్లుండరు. అది ఎప్పుడూ ఎవరో ఒకరి ఒళ్లో ఉండాలంటుంది. పిల్లగా ఉన్నప్పుడు రోజంతా ఎత్తుకుని, ఆరునెలల తర్వాత ఉద్యోగానికి వెళ్లిపోయే ఇంట్లో అది తన ఈకలు తానే పీక్కుంటుంది. బోడి రొమ్ముతో కూర్చున్న కాకటూను ఒకసారి చూస్తే చాలు, ఆ ఆశ పోతుంది.

ఇక బూడిదరంగు ఆఫ్రికన్ గ్రే. దీని మీద ఆశ పెట్టింది ఆలెక్స్ కథ. 1977లో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త చికాగోలో ఒక పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లి, పిల్లను తను ఎంచుకోకుండా దుకాణం మనిషినే ఒకదాన్ని తీసి ఇమ్మంది. తెలివైనదాన్ని ఏరి తెచ్చుకుందని రేపు ఎవరూ అనకూడదని. అలా చేతికొచ్చిన ఆ పక్షి రంగులు చెప్పింది, ఆకారాలు చెప్పింది, ఆరు దాకా లెక్కపెట్టింది, రెండు వస్తువుల మధ్య తేడా ఏమీ లేకపోతే ఏమీ లేదని చెప్పింది. వందకు పైగా మాటలు తెలిసిన ఆలెక్స్ 2007లో, 31వ ఏట పోయింది. అందరూ ఆ తెలివిని చూసి గ్రే కావాలంటారు. అంత తెలివికి పగలంతా పంజరంలో ఏం పని ఉంటుందన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. పైగా ఆ ముద్దుమాటల కోసం ఆఫ్రికా అడవుల్ని ఊడ్చేశారు. ఘానాలో 1992 తర్వాత వాటి సంఖ్య తొంభై శాతానికి పైగా పడిపోయింది. 2017 నుంచి అడవిలో పట్టిన గ్రేల వ్యాపారాన్ని అంతర్జాతీయంగా నిషేధించారు.

నాకు గ్రే దక్కకుండా చేసింది మాత్రం వీటిలో ఏదీ కాదు, మావారి ఊపిరి. ఆయనకు చిన్నప్పటి నుంచి ఆయాసం. గ్రేలకూ కాకటూలకూ ఒంటి మీద ఒక రకం నూగు ఈకలుంటాయి, అవి పొడిపొడిగా రాలి తెల్లని దుమ్మవుతాయి. స్నేహితురాలి ఇంట్లో గ్రే పక్కన గంట కూర్చున్నాం. టీవీ మీద, పుస్తకాల మీద పౌడరు చల్లినట్టుంది. తిరుగుదారిలో ఆయన కారు ఆపి ఇన్‌హేలర్ పీల్చారు. "నీ ఇష్టం, మందులేసుకుంటాలే" అన్నారు. పక్షి యాభై ఏళ్లు బతుకుతుంది, అన్నేళ్లు మందులా? ఆ ఆలోచన అక్కడే ఆపేశాను.

ఎక్లెక్టస్ అనే పేరు అప్పుడే విన్నాను. న్యూగినీ, సోలమన్ దీవులు, ఆస్ట్రేలియా ఉత్తర కొన దాని సొంత చోట్లు. మగది నిగనిగలాడే పచ్చ, నారింజ రంగు ముక్కు. ఆడది ఎరుపు, నీలం. ఎంత తేడా అంటే, పందొమ్మిదో శతాబ్దంలో శాస్త్రజ్ఞులు చాలాకాలం వీటిని రెండు వేరువేరు జాతులనుకున్నారు. అడవిలో ఆడది మంచి తొర్ర దొరికితే నెలల తరబడి దాన్ని కాపలా కాస్తుంది, మగవి తిండి తెచ్చిపెడతాయి. అందుకే ఇంట్లోనూ ఆడది తన మూల కోసం గట్టిగా పోరాడుతుంది, మొదటిసారి పెంచేవాళ్లకు మగది నయం. దుమ్ము రాల్చదు. అరవదా అంటే అరుస్తుంది, కాని గోడలు అదరవు. పళ్లూ ఆకుకూరలూ ఎక్కువ కావాలి. మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయి, దానిమ్మ గింజలు మన ఇళ్లలో ఉండేవే. పొద్దుతిరుగుడు గింజలతో గిన్నె నింపి పెంచితే కాలేయం చెడుతుంది, ఏ చిలుకకైనా.

తర్వాత అమ్మేవాళ్ల దగ్గరికి తిరిగాను. ఒకచోట సిరంజి చేతికిచ్చి, "మేడమ్, హ్యాండ్‌ఫీడ్ పిల్ల, మీరే తినిపించండి, అప్పుడే మిమ్మల్ని అమ్మ అనుకుంటుంది" అన్నారు. ఇంకా సొంతంగా తినడం రాని పిల్ల అది. గుజ్జు వేడెక్కువైతే గొంతు కింది తిండి సంచి కాలిపోతుంది, తప్పుదారిన పోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కొత్తవాళ్ల చేతుల్లో ఇలా పోయే పిల్లలు చాలా. తనంతట తాను తినడం వచ్చాకే పిల్లను ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి. కాలికి అతుకులేని రింగు ఉందో లేదో చూడండి. అది పిల్ల చిన్నగా ఉన్నప్పుడే ఎక్కుతుంది కాబట్టి పంజరంలో పుట్టిందనడానికి గుర్తు.

నేను మాత్రం పిల్లను తీసుకోలేదు. అమెరికా వెళ్లిపోతున్న ఒక కుటుంబం తొమ్మిదేళ్ల మగ ఎక్లెక్టస్‌ను ఏం చేయాలో తెలియక సతమతమవుతోందని తెలిసింది. వాడి పేరు మిఠ్ఠూ. ఆరు ఆదివారాలు వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను, ఊరికే. ముట్టుకోలేదు. మావారిని కూడా తీసుకెళ్లాను, ఆయన ఊపిరి బాగానే ఉంది. ఆరో ఆదివారం వాడు పంజరం దిగి టేబుల్ మీద నడిచి వచ్చి నా గాజులు కొరికి చూశాడు.

తీసుకునే ముందు డాక్టరును వెతుక్కున్నాను. మా గుంటూరులో నేనడిగిన పశువైద్యులు నిజాయితీగా చెప్పారు, గేదెల సంగతి తెలుసు గాని చిలుకల సంగతి తెలియదని. విజయవాడలో పక్షుల్ని చూసే ఆయన ఒకరు దొరికారు. ఆయన నేర్పిన మొదటి పని, రోజూ పొద్దున వంటింటి త్రాసు మీద తూచడం. చిలుక జబ్బును దాచిపెడుతుంది. అడవిలో నీరసంగా కనిపించేదాని మీదే డేగ కన్ను పడుతుంది గనక. మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. త్రాసు ముందే చెబుతుంది. మిఠ్ఠూ 430 గ్రాములు. పది గ్రాములు తగ్గితే నా కళ్లు గిన్నెలో మిగిలిన తిండి మీదికి వెళ్తాయి.

ఇంకొకటి ఫ్యాను. మన ఇళ్లలో పెంపుడు పక్షులకు సీలింగ్ ఫ్యాను ఎంత ప్రమాదమో కొనేముందు ఎవరూ చెప్పరు. గుంటూరు ఎండల్లో ఫ్యాను ఆపుకుని కూర్చోవడమంటే ఏమిటో మా జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. వాడు పంజరం బయట ఉన్న మూడు గంటలూ మా హాల్లో ఫ్యాను తిరగదు. స్విచ్చి మీద ఎర్ర టేపు అంటించాం.

వచ్చిన కొత్తలో పందొమ్మిది రోజులు వాడు నా చేతి మీదికి రాలేదు. దూరంగా కుర్చీ వేసుకుని పేపరు పైకి చదివేదాన్ని. ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఏడున్నర దాటాక, పంజరంలోంచి ఒక ఆడగొంతు, "చిన్నూ! బస్సొచ్చిందిరా!" అని పిలిచింది. ఉలిక్కిపడ్డాను. వాడి పాత ఇంటి తల్లి గొంతు, అచ్చంగా. ఆ చిన్నూ ఇప్పుడు ఎక్కడో మంచు కురిసే ఊళ్లో బడికి వెళ్తున్నాడు. ఇప్పటికీ మిఠ్ఠూ దాదాపు రోజూ ఆ వేళకు పిలుస్తాడు, పిలిచి, తల పక్కకు తిప్పి గుమ్మం వైపు చూస్తాడు. పెరిగిన పక్షిని తీసుకుంటే దాని పాత ఇల్లు కూడా మనింటికి వస్తుంది. నాకది ఇష్టమే. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న ప్రాణి మళ్లీ మనల్ని నమ్మిందంటే, అంతకు మించి నేను కోరుకున్నది లేదు.

నాకు 54 ఏళ్లు. బాగా చూసుకుంటే మిఠ్ఠూ ఇంకో ముప్ఫై ఏళ్లు ఉండవచ్చు. చికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ జంతుప్రదర్శనశాలలో కుకీ అనే కాకటూ 83 ఏళ్లు బతికి 2016లో పోయింది. 1934లో ఆ శాల తెరిచినప్పటి నుంచీ అక్కడే ఉంది. ఈ లెక్క వేసుకోకుండా చిలుకను తెచ్చుకోవడం అన్యాయం. లెక్కతో పాటు కాగితాలూ ఉండాలి. మిఠ్ఠూలాంటి విదేశీ జాతుల్ని ఇప్పుడు ప్రభుత్వం వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి. పక్షి చేతులు మారినా, చనిపోయినా తెలియజేయాలి. 2024లో నిబంధనలు వచ్చాయి. మిఠ్ఠూ నమోదు కాగితం మా ఇంటి దస్తావేజులున్న బీరువాలోనే ఉంది. దానికి జతగా ఇంకో కాగితం పెట్టాను. వాడు ఏం తింటాడు, దేనికి భయపడతాడు, ఏ డాక్టరు చూస్తారు, నా తర్వాత ఎవరి దగ్గర ఉంటాడు అన్నవి అందులో రాశాను. మా మేనకోడలు అది చదివి, రెండు రోజులు ఆలోచించుకుని వచ్చి, సంతకం పెట్టింది.