ఊకెనే పోయొచ్చిన

'తిరగడం' అనే మాటకి మన భాషలో రెండు నిఘంటువులున్నాయి. మగవాడు తిరిగితే లోకజ్ఞానం, ఆడది తిరిగితే తిరుగుడు. 'తిరుగుబోతు' అన్న తిట్టు మగవాళ్ళకీ వర్తిస్తుంది కదా అని ఎవరైనా అనొచ్చు. వాళ్ళని అన్నప్పుడు అందులో కాస్త మురిపెం కూడా ఉంటుంది. 'తిరుగుబాటు' కూడా ఆ 'తిరుగు' లోంచే పుట్టిందని క్లాసులో చెప్తే ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుతారు.

ఈ తిరుగుడు అనే మాట మళ్ళీ గట్టిగా వినిపించడం మొదలైంది 2023 డిసెంబర్ 9 తర్వాత. ఆ రోజు నించి తెలంగాణలో ఆడవాళ్ళకీ, ట్రాన్స్‌జెండర్లకీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, హైదరాబాదులో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఛార్జీ లేదు. పథకానికి 'మహాలక్ష్మి' అని పేరు పెట్టారు. ఏదో ఒక లక్ష్మిని చెయ్యకుండా మనకి ఏమీ ఇవ్వలేరేమో, ఆ సంగతి మరోసారి మాట్లాడుకుందాం. పథకం మొదలైన వారానికే మా స్టాఫ్‌రూములో జోకులు మొదలయ్యాయి. పనీపాటా లేని ఆడవాళ్ళంతా బస్సులెక్కి ఊరు తిరుగుతున్నారట! 2024 ఆగస్టులో అయితే బస్సులో వెల్లుల్లిపాయలు ఒలుచుకుంటున్న ఆడవాళ్ళ వీడియో ఒకటి పెద్ద రాజకీయ రభస అయింది. దాని మీద ఒక ప్రతిపక్ష నాయకుడి వ్యాఖ్య, నిరసనలు, క్షమాపణ, చివరికి మహిళా కమిషన్ దాకా వెళ్ళింది. హైటెక్ సిటీ వైపు వెళ్ళే బస్సులో ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న కుర్రాణ్ణి ఎవరూ వీడియో తియ్యరు. అతను సమయం వృథా చెయ్యని మనిషి. వెల్లుల్లి ఒలిచే ఆమె కూడా చేస్తున్నది అదే కదా! ఇంటికి వెళ్ళాక చెయ్యాల్సిన పనిని దారిలో పూర్తి చేసుకుంటోంది. ఆమెది ఇంటి పని కాబట్టి నవ్వొస్తుంది.

మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మకి అరవై మూడేళ్ళు. నాన్న పోయాక ఉప్పల్‌లో తమ్ముడి దగ్గర ఉంటోంది. పెద్దమ్మ మెహిదీపట్నంలో. ఒకే నగరంలో ఉన్న అక్కచెల్లెళ్ళు ఏడాదికి రెండుమూడు సార్లు, అదీ ఏ పెళ్ళిలోనో దినంలోనో కలుసుకునేవాళ్ళు. డబ్బుల్లేక కాదు. అడిగితే తమ్ముడు ఇస్తాడు. ఆ 'అడిగితే'లోనే ఉంది కథంతా. అడగాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పాలంటే ఒక పని ఉండాలి. అక్కని చూడాలనిపించడం పని కిందికి రాదు.

2024 సంక్రాంతి అయిపోయాక ఒకరోజు ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదు. సాయంత్రం తనే చేసింది.

"యాడికి పోయినవమ్మా?"

"అక్క తానికి."

"ఏమన్న పనుండెనా?"

"పనేముంటది బిడ్డా, ఊకెనే పోయొచ్చిన."

ఆ 'ఊకెనే' నన్ను చాలా రోజులు వదల్లేదు. పిహెచ్.డి. కోసం నేను చదివిన స్త్రీల కథల్లో ఆడవాళ్ళు పుట్టింటికి వెళ్తారు, ఆస్పత్రికి వెళ్తారు, గుడికి వెళ్తారు, ఉద్యోగానికి వెళ్తారు. కొందరు తలుపు దభాలున మూసి ఎప్పటికీ వెళ్ళిపోతారు. ఏ కారణమూ లేకుండా బయల్దేరి, కాసేపు నవ్వుకుని, చీకటి పడేలోగా తిరిగొచ్చి రాత్రికి బియ్యం కడిగేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. విమల 'వంటిల్లు' చదువుకుని పెరిగిన తరం మాది. వంటింటి గురించి మనం రాసుకున్నంత బస్టాపు గురించి రాసుకోలేదు.

ఈ పథకాన్ని పేదలకి ఇచ్చే రాయితీగా మాత్రమే చూస్తే దాని అసలు సంగతి కనబడదని నాకనిపిస్తుంది. నగరాల్లో రవాణాకి లెక్కలు వేసేవాళ్ళ మనసులో ఒక ప్రయాణికుడు ఉంటాడు. పొద్దున ఇంటి నించి ఆఫీసుకి, సాయంత్రం ఆఫీసు నించి ఇంటికి. మధ్యలో దిగడు. చేతిలో సంచి ఉండదు, చంకలో పిల్ల ఉండదు. మా కాలనీలో నాలుగిళ్ళలో పనిచేసే ఆమె దినచర్య చూడండి. పిల్లాణ్ణి బడి దగ్గర దించి రెండు స్టాపుల అవతల మొదటి ఇంట్లో పని, అక్కణ్ణించి మరో స్టాపు, మధ్యాహ్నం రేషన్ షాపు, అత్తగారి మందులు, మళ్ళీ బడి. దిగిన చోటల్లా ప్రయాణం తెగుతుంది. ఎక్కిన ప్రతిసారీ కొత్త టికెట్, కనీస ఛార్జీ మళ్ళీ మొదటి నించి. మొత్తం దూరం తక్కువే అయినా ఖర్చు ఎక్కువ. అందుకని ఆమె నడిచేది. ఛార్జీ తీసెయ్యడం వల్ల ఆమెకి జరిగిన అసలు మేలు, మధ్యలో దిగినందుకు వేసే జుల్మానా పోవడం.

ఛార్జీ లేకపోయినా కండక్టరు టికెట్ ఇచ్చి తీరాలి. దాని మీద ఎక్కడ ఎక్కామో, ఎక్కడ దిగుతామో ఉంటుంది. ఆ జీరో టికెట్ల లెక్క ప్రకారమే ప్రభుత్వం సంస్థకి డబ్బు కట్టాలి. అమ్మ వాటిని పారెయ్యకుండా పర్సులో మడిచి పెట్టుకుంటుంది. "మన పైసలు గవర్నమెంటు కడ్తది గదా, ఉండనీ" అంటుంది. నాకు మాత్రం వాటిని చూస్తే ఆర్కైవ్‌లో కూర్చున్నట్టుంటుంది. మామూలు టికెట్టుకి ఆడా మగా లేదు. ఈ టికెట్టుకి ఉంది. ఏ బస్తీ నించి ఏ మార్కెట్‌కి, ఏ వేళకి ఆడవాళ్ళు వెళ్తున్నారో ఇప్పుడు ఎక్కడో ఒక కంప్యూటర్‌లో పోగవుతోంది. ఖర్చెంత అని చెప్పుకోవడానికి మాత్రమే ఆ అంకెలు బయటికొస్తున్నాయి. మధ్యాహ్నం రెండింటికి ఏ రూటులో బస్సు కావాలో తేల్చుకోవడానికి వాటిని వాడితే ఎంత బావుణ్ణు!

ఎందుకంటే ఛార్జీ పోయినంత మాత్రాన బస్సు రాదు. టికెట్ సున్నా అయిందిగానీ స్టాపులో నిలబడే సమయం సున్నా కాలేదు. ముందు తలుపు దగ్గర ఆడవాళ్ళు, వెనక తలుపు దగ్గర మగవాళ్ళు అని హైదరాబాదులో ఎప్పణ్ణించో ఉన్న ఏర్పాటు జనం పెరిగాక చెదిరిపోయింది. "డబ్బులిచ్చి మేం నిలబడాలా?" అని వెనక నించి వినిపించే గొంతుకి నా దగ్గర జవాబుంది. బస్సులు చాలకపోవడం ఆమె తప్పు కాదు. ఆ రద్దీలో అందరికీ టికెట్లు కొట్టుకుంటూ, డ్యూటీ మధ్యలో బాత్‌రూముకి వెళ్ళే వీలు లేని కండక్టర్లలో చాలామంది ఆడవాళ్ళే. 2019లో 52 రోజులు సమ్మె చేసింది ఈ కార్మికులే.

మెట్రో రైలు మాట కూడా చెప్పుకోవాలి. 2017 నవంబర్‌లో మొదలై 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లయింది. రాత్రి తొమ్మిదింటికి సెమినార్ నించి వస్తూ వెలుతురున్న ప్లాట్‌ఫారం మీద నిలబడగలగడం నాకు చిన్న విషయం కాదు. కానీ అక్కడ మహాలక్ష్మి లేదు. 2025 మేలో పెంచాక ఛార్జీ కనీసం 11 రూపాయలు, గరిష్ఠం 69. నాలుగిళ్ళలో పనిచేసే ఆమె ఆ ఎస్కలేటర్ వైపు కూడా చూడదు. మొదటి దశలో ఫలక్‌నుమా దాకా వెళ్ళాల్సిన లైను ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. చార్మినార్, శాలిబండ వైపు అమ్మాయిలు ఇప్పటికీ రద్దీ బస్సుల్నీ, షేర్ ఆటోల్నీ నమ్ముకునే చదువుకుంటున్నారు.

ఆటో అంటే గుర్తొచ్చింది. గిరాకీ పడిపోయిందని ఆటోవాళ్ళు రోడ్డెక్కినప్పుడు, మనం దాన్ని మగవాళ్ళ అక్కసు అని కొట్టిపారెయ్యకూడదు. ఆ ఇళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు, పొద్దున ఉచితంగా బస్సెక్కిన ఆమె సాయంత్రం భర్త తెచ్చే డబ్బు తగ్గడం చూస్తోంది. అలాగే ఈ పథకం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్ళకే. ఒడిశా నించి వచ్చి మన అపార్ట్‌మెంట్లకి ఇటుకలు మోసే ఆమె టికెట్ కొనుక్కోవాలి. ఆధార్‌లో ఒక పేరు, ఒంటి మీద మరో బతుకు ఉన్న ట్రాన్స్ స్త్రీ ప్రతి బస్సులోనూ కార్డు తీసి అందరి ముందూ చూపించుకోవాలి. 2025 ఆగస్టు 15 నించి ఆంధ్రప్రదేశ్‌లోనూ 'స్త్రీ శక్తి' పేరుతో ఇదే పథకం వచ్చింది. అక్కడా ఆ రాష్ట్రపు కార్డే చూపించాలి. కృష్ణ దాటితే మా అమ్మ మళ్ళీ టికెట్ కొనాల్సిందే.

నేను గెస్ట్ ఫాకల్టీగా పాఠాలు చెప్పే కాలేజీ నగరం అంచున ఉంది. చివరి పీరియడ్ నాలుగుంబావుకి అయిపోతుంది. నాలుగింటి బస్సు పోతే మళ్ళీ ఐదున్నరకే. ఆ గంటసేపు ఆ ఖాళీ రోడ్డు మీద నిలబడమని ఏ తల్లీ పంపదు. అందుకని రోజూ పావు తక్కువ నాలుగుకి ఆడపిల్లలు పుస్తకాలు సర్దుకుని లేస్తారు, బండ్లున్న మగపిల్లలు పాఠం పూర్తిగా వింటారు. అటెండెన్స్ తక్కువైతే కాలేజీ పరీక్ష ఫీజుతోపాటు జరిమానా వేస్తుంది. పోయిన సెమిస్టర్‌లో జరిమానా కట్టిన పద్నాలుగు మందీ ఆడపిల్లలే. టైముటేబుల్ అరగంట ముందుకి జరపమని మేం ముగ్గురు టీచర్లం కలిసి ప్రిన్సిపాల్‌కి కాగితం ఇచ్చాం. ఇంకో కాగితం డిపో మేనేజర్‌కి రాయిస్తున్నాను, నాలుగున్నరకి ఒక బస్సు కావాలని. పిల్లలే రాస్తున్నారు. కింద తమ జీరో టికెట్ల నకళ్ళు అంటిస్తామంటున్నారు.