కెమెరా పేరుకి నల్ల టేపు

కెమెరా నుదుటి మీద పేరుకి నల్ల టేపు అంటించడం పాత అలవాటే. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్తియే-బ్రెసాఁ తన లైకా కెమెరా మీద మెరిసే భాగాలన్నీ నల్ల టేపుతో కప్పేసి, ఎవరి కంటా పడకుండా వీధుల్లో తిరిగేవాడు. 2011లో లైకా వాళ్లే కెమెరా ముందుండే ఎర్ర చుక్క లోగో తీసేసి ఎం9-పి మోడల్ తెచ్చారు. చుక్క పోయింది, ధర పెరిగింది! (సఫైర్ గాజు కూడా వేశారనుకోండి.)

అసలు మనల్ని ముందు పట్టించేది స్ట్రాప్. పసుప్పచ్చగా అంతంత అక్షరాలు! హైదరాబాద్ లాడ్‌బజార్‌లో గాజుల కొట్టు ముందు ఆగితే చాలు, "ఏ చానెల్ అన్నా?" అంటారు. స్ట్రాప్ తిరగేసి వేసుకుంటే సగం గోల తగ్గుతుంది.

కరెంటు వైర్లకి చుట్టే టేపు మాత్రం వద్దు. ఎండకి జిగురు కారి చేతికంటుతుంది. గాఫర్ టేపైతే శుభ్రంగా ఊడొస్తుంది.

ఇంతా చేసి, మూరెడు తెల్ల లెన్సు తగిలించుకుని బాడీ మీద పేరు దాచేవాళ్లని చూస్తే మాత్రం నవ్వాగదు.