బోఝ్ పడితేనే తెలుస్తుంది

కారు స్టార్ట్ కాకపోతే మన ఇళ్లలో మొదట పుట్టే మాట ‘బ్యాటరీ పోయింది’. రెండో మాట ‘సెల్ఫ్ మోటార్ పోయింది’. మూడోది ‘అమ్మేద్దాం’. ఈ మాటలకు ముందు జరగాల్సిన పని ఒకటుంది. దాన్ని ఉర్దూలో తహ్‌ఖీఖ్ అంటాం. ఎవరో అన్నారని నమ్మకుండా మనమే చూసి, తాకి, కొలిచి తేల్చుకోవడం. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో నేను తింటున్న రోటీ ఆ మాట మీదే. దాని తరీఖా మాత్రం ఒక పాత అంబాసిడర్ బానెట్ కింద కనిపించినంత సాఫ్‌గా నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ఆ బండి అబ్బాది. మార్క్ 4, పెట్రోలు ఇంజను. 1992లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కడపలో మా మొహల్లాకి అది సగం మా కారు, సగం అందరి కారు. పెద్ద దర్గాకి వచ్చే మెహమాన్లను స్టేషన్ నుంచి తెచ్చింది. కాన్పు నొప్పులు పడుతున్న ఆడవాళ్లను అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చింది. మా ఆపాజాన్ రుఖ్సతీ అందులోనే జరిగింది. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో ఈ బండ్ల తయారీ 2014లో ఆగిపోయింది. అబ్బా ఇంతెఖాల్ తర్వాత మా బండి కూడా ఇంచుమించు ఆగిపోయినట్టే అయింది.

ఈమధ్య మా పెద్ద తమ్ముడి కూతురికి నికాహ్ ఖాయమైంది. అమ్మీ కోరిక ఒక్కటే, పిల్లని తాత కారులోనే సాగనంపాలి. కారేమో కీ తిప్పితే ‘టక్’ అని ఊరుకుంటుంది. ఆరు నెలల్లో రెండు బ్యాటరీలు మారాయి. ఒక వర్క్‌షాప్‌లో సెల్ఫ్ మోటార్ విప్పి, బాగు చేశామని బిల్లు ఇచ్చారు. నాలుగు రోజులు నడిచింది, ఐదో రోజు మళ్లీ అదే టక్. కబాడీ అతను వచ్చి రేటు చెప్పి వెళ్లాడు.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఇంట్లో పెరిగిన గుమాన్ అంతకంటే పెద్ద నష్టం. బండిని ఎండకీ వానకీ వదిలేశాడని పెద్దోడి మీద చిన్నోడి ఇల్జామ్. మ్యూజిక్ సిస్టమ్ పెట్టించి వైరింగంతా పాడు చేశాడని చిన్నోడి మీద పెద్దోడి ఇల్జామ్. దస్తర్ఖాన్ దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం మానేశారు. పెళ్లి ఇంట్లో అదీ పరిస్థితి.

అబ్బా కాలం నుంచి మా బండి కరెంటు పని చూసిన పెద్దాయన ఒకరున్నారు. డెబ్బై దాటాయి. షాపు కొడుక్కి అప్పగించేశారు. ఊళ్లో అందరికీ ఆయన ఉస్తాద్. అసర్ నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర అడిగితే వెంటనే బయల్దేరారు. తమ్ముళ్లిద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఆయన చెయ్యి ఎత్తారు. “ఏం పోయిందో నాకు చెప్పొద్దు బేటా. కీ తిప్పితే ఏం జరుగుతుందో అది చెప్పండి.”

మంచి రిపోర్టర్ అడగాల్సిన ప్రశ్న కూడా అదే. మీ అభిప్రాయం తర్వాత, మీరు చూసిందేమిటి?

బండి న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉందా చూసుకున్నారు. హెడ్‌లైట్లు వేయించి సెల్ఫ్ కొట్టమన్నారు. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, మీ ఇంట్లోనూ చేసుకోవచ్చు. లైట్లు దీపంలా పడిపోతే బ్యాటరీ నీరసంగా ఉందన్నా అనుకోవాలి, దాని టర్మినళ్ల దగ్గర తుప్పో వదులో ఉందన్నా అనుకోవాలి. లైట్లు బాగా మందగించి, మోటారు మూలుగుతూ తిరిగితే బ్యాటరీ చార్జి చాలడం లేదు, లేదా మోటారే బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగుతోంది. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూ మోటారు కదలకపోతే, కరెంటు ఉంది గానీ మోటారు దాకా వెళ్లి తిరిగి రావడం లేదు. మా బండిది మూడో హాల్. టక్ అంటోంది, లైట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

తర్వాత ధక్కా. మొహల్లా పిల్లలు నలుగురు తోశారు. సెకండ్ గేర్‌లో క్లచ్ వదలగానే ఇంజను అందుకుంది. అంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ వస్తోంది, బ్యాటరీలో జాన్ ఉంది. సెల్ఫ్ తిరుగుతూ కూడా ఇంజను అందుకోకపోతే అప్పుడు కాయిల్, కండెన్సర్, పాయింట్ల వైపు వెళ్లాలి. ఆ పాయింట్ల గ్యాప్ అంగుళంలో 15 వేల వంతులు ఉంటే సరిపోతుంది. మాది ఆ దారి కాదని ధక్కాతోనే తేలిపోయింది.

అప్పుడు మీటర్ బయటికి వచ్చింది. బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, నిండుగా ఉంది. ఉస్తాద్ మీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద పెట్టారు. రెండోది ఇంజను బ్లాక్ మీద శుభ్రమైన ఇనుముకి ఆనించారు. కీ తిప్పక ముందు సున్నా. “అబ్ మారో” అన్నారు. సెల్ఫ్ కొట్టగానే ముల్లు ఆరు దాటింది. ఆ రెండు చోట్ల మధ్య అర వోల్టు కూడా ఉండకూడదు. మోటారుకి అందాల్సిన వోల్టుల్లో సగం తిరుగుదారిలోనే ఖర్చయిపోతున్నాయి.

నేను చదివింది ఉర్దూ మీడియం. కరెంటుని బర్ఖీ రౌ అనీ, నిరోధాన్ని ముజాహమత్ అనీ నేర్చుకున్నాను. ఓహ్మ్ కా ఖానూన్ జబానీ అప్పజెప్పేవాణ్ణి. దాని అర్థం కళ్ల ముందు కనబడింది ఆ సాయంత్రమే. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతోందనుకోండి. దారిలో 0.02 ఓమ్‌ల ముజాహమత్ ఉంటే చాలు, 3 వోల్టులు మాయం. అంత చిన్న ముజాహమత్‌ని మామూలు మీటర్ నేరుగా కొలవలేదు. అందుకే బండి ఖాళీగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు చూసినా అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. బోఝ్ పడ్డప్పుడు కొలిస్తేనే ఐబ్ బయటపడుతుంది.

“చోక్ వైరు పట్టుకుని చూడు” అన్నారు ఉస్తాద్. చిన్నోడు ముట్టుకుని చెయ్యి లాగేసుకున్నాడు. వేడిగా ఉంది.

అక్కడ గుట్టు విడిపోయింది. ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, బాడీతో దానికి నేరుగా లోహపు స్పర్శ ఉండదు. బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిసి ఉంటుంది. ఇంజనుకీ బాడీకీ మధ్య రాగి తీగలు అల్లిన ఒక పట్టీ ఉంటుంది. అదే ఎర్త్ పట్టీ. అది తెగితే కరెంటు ఊరుకోదు, దొరికిన దారి పట్టుకుంటుంది. చోక్ వైరు, యాక్సిలరేటర్ వైరు లాంటివి దానికి చోర్ దర్వాజాలు. స్పార్క్‌కి కావలసిన కొద్దిపాటి కరెంటుకి ఆ దారి సరిపోతుంది, అందుకే ధక్కా ఇస్తే బండి నడిచింది. సెల్ఫ్‌కి కావలసిన వరదకి అది చాలదు, వైరు కాలుతుంది. పట్టించుకోకుండా పదేపదే సెల్ఫ్ కొడితే పక్క వైర్ల తొడుగు కరిగి మంటలు లేచే ఖత్రా కూడా ఉంది. మా బండిలో సోలెనాయిడ్ బాడీకే బిగించి ఉంది. అందుకే అది మాత్రం వఫాదారీగా టక్ అంటూ వచ్చింది.

సుబూత్ లేకుండా ఫైసలా వద్దని ఇంకొక్క పరీక్ష చేశారు. మందపాటి జంపర్ కేబుల్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజను బ్లాక్‌కి తగిలించారు. కీ తిప్పగానే సెల్ఫ్ గిర్రున తిరిగింది. అమ్మీ లోపలి నుంచి దుపట్టా సర్దుకుంటూ వచ్చేసింది.

ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, తర్వాత ఆ పట్టీ విప్పారు. (పని అయ్యాక నెగటివే చివర బిగించాలి. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్టు వద్దు, దాన్నుంచి వచ్చే గ్యాస్ అంటుకుంటుంది.) పట్టీ పైకి మట్టీ గ్రీజూ పట్టి గట్టిగానే కనిపించింది. వంచితే లోపల పచ్చటి పొడి రాలింది. నాలుగైదు పోగులు మాత్రం మిగిలాయి. వర్క్‌షాప్‌లో మోటారు విప్పి బిగించినప్పుడు అది కాస్త కదిలి ఆ పోగులు సర్దుకున్నాయి, అందుకే నాలుగు రోజుల ఆ ముచ్చట. కొత్త పట్టీ రెండు వందల లోపే దొరికింది. బోల్టు కూర్చునే చోట పెయింటు, తుప్పు ఎమరీ పేపర్‌తో గీకి, మెరిసే ఇనుము కనబడ్డాకే బిగించారు. మళ్లీ మీటర్ పెట్టి సెల్ఫ్ కొడితే 0.2.

పట్టీ చేతిలో తిప్పుతూ చిన్నోడు అడిగాడు, “మ్యూజిక్ సిస్టమ్ వల్ల కాదా ఉస్తాద్?”

“దానికీ దీనికీ తాల్లుఖ్ లేదు.”

“ఎండలో పెట్టడం వల్ల?” ఈసారి పెద్దోడు.

“ఇంజను కింద ఎండెక్కడిది? నూనె, నీళ్లు, ఏళ్ల తరబడి అదురు. ఇది దాని ఉమర్ అయిపోయింది, అంతే.”

“అంటే నా బిడ్డలిద్దరూ బేఖసూర్” అంది అమ్మీ. ఎవరూ మాట్లాడలేదు. పెద్దోడు వెళ్లి ఉస్తాద్ చేతులు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చాడు. చిన్నోడు సబ్బు పట్టుకుని నిలబడ్డాడు.

నికాహ్‌కి ఇంకా మూడు వారాలుంది. రోజూ ఫజర్ తర్వాత పెద్దోడు కారు స్టార్ట్ చేస్తున్నాడు. చిన్నోడు పక్కన వంగి చోక్ వైరు వేళ్లతో పట్టుకుని చూస్తాడు. “ఠండా హై భయ్యా” అంటాడు.