ఐరన్లకు కొత్త షాఫ్టులు

జనవరి 11, శనివారం. షికాగో

మోచేతి నొప్పి చూసి ఫిజియోథెరపిస్టు గోల్ఫ్ మానమనలేదు, స్టీలు మానమంది. నా ఐరన్ల షాఫ్టులు ఒక్కోటి 120 గ్రాములకు పైనే. తెప్పించిన గ్రాఫైట్‌వి 70. దెబ్బ తగిలినప్పుడు మోచేతిదాకా పాకే అదురు కూడా వీటితో తక్కువ. తలలు మాత్రం పాతవే. ఏడో నంబరు ముఖం మీద బంతి తగిలేచోట రూపాయి బిళ్లంత మేర క్రోమ్ మసకబారింది. దాన్ని వదులుకోను.

కొనేముందు చూడాల్సింది మొన కొలత. హోజెల్ (తలలో షాఫ్ట్ దిగే గొట్టం) 0.355 అంగుళాల టేపర్ రకమైతే 0.370 షాఫ్ట్ అందులో దిగదు. తేడా అర మిల్లీమీటరైనా లేదు.

జనవరి 12

తల, షాఫ్ట్ కలిసేచోట ఉండే ప్లాస్టిక్ ఫెర్రూల్‌ని చాకుతో చీల్చి తీసేశాను. షాఫ్ట్‌ని రబ్బరు ముక్కల మధ్య వైస్‌లో బిగించి హోజెల్‌కి హీట్ గన్ పట్టాను. కాసేపటికి ఘాటు వాసన, సన్నటి పొగ. ఎపాక్సీ జిగురు పట్టు వదిలింది. మందపాటి గ్లోవ్ తొడుక్కుని మెలితిప్పితే తల ఊడి వచ్చింది.

స్టీలు కాబట్టే మెలితిప్పడం. గ్రాఫైట్ అయితే పుల్లర్‌తో తిన్నగా లాగాల్సిందే, వేడి కూడా పొదుపుగానే. కార్బన్ పోగుల్ని కలిపి ఉంచేదీ ఎపాక్సీ జాతి రెజినే మరి. హోజెల్లో జిగురు పట్టు వదిలించే వేడి, మితిమీరితే షాఫ్ట్‌నీ చెడగొడుతుంది. మెలిపెడితే మెత్తబడిన మొన దగ్గర పోగులు విడిపోతాయి. పైకి కనిపించకపోవచ్చు, స్వింగ్ మధ్యలో విరగొచ్చు. పక్కన నిలబడ్డవాళ్ల గురించి కూడా ఆలోచించాలి. తొందర ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండటమే మంచిది.

జనవరి 18

హోజెల్లో పాత జిగురంతా తీగ బ్రష్‌తో గీకి, అసిటోన్‌తో తుడిచాను. కొత్త మొనల మీద రంగు పోయేదాకా శాండ్‌పేపర్. నల్లటి పోగులు తెగకముందే ఆపాలి.

అసలు తర్జనభర్జన బరువు గురించే. షాఫ్ట్ 9 గ్రాములు తగ్గితే స్వింగ్ వెయిట్ (ఊపులో తల ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) ఇంచుమించు ఒక పాయింట్ పడిపోతుంది. అంటే 50 గ్రాములకు అయిదారు. తలలో 2 గ్రాములు వేస్తే ఒక పాయింట్ తిరిగొస్తుంది. అంతా ఇత్తడి బరువులతోనే పూడ్చడం నాకిష్టం లేదు, భారం తల మడమవైపు జరుగుతుంది. అర అంగుళం ఎక్కువ పొడవు ఉంచితే 3 పాయింట్లు వస్తాయి. మిగతాది మొనలో చిన్న ఇత్తడి ముక్క.

జనవరి 19

గ్యారేజీలో గడ్డకట్టే చలి, ఎపాక్సీ ఆరదు. "ఏమండీ, వంటింట్లో మాత్రం కలపకండి" అంది మా ఆవిడ. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన పెట్టుకున్నాను. రెండు పాళ్లూ సమంగా తీసుకుని, షాఫ్ట్ నడిమధ్యన నిలిచేలా సన్నటి గాజుపూసల పొడి చిటికెడు కలిపి, తిప్పుతూ దించాను. రేపు ఇదే వేళదాకా ముట్టుకోను.

జనవరి 25

ఏడో నంబరు పట్టుకుని ఇండోర్ రేంజ్‌కి వెళ్లాను. తల ఎక్కడుందో చేతికి తెలుస్తోంది, మోచెయ్యి కలుక్కుమనలేదు. వెడ్జ్‌లకు స్టీలే ఉంచేస్తున్నాను, సగం స్వింగ్‌కు ఆ బరువు కావాలి.