కెమెరా రెప్పల లెక్క

పిల్లలూ! పాత మోటారు సైకిలు కొనేవారు ముందుగా దేన్ని చూస్తారు? మీటరును. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగినదీ అదే చెబుతుంది. మరి పాత కెమెరా కొనాలంటే? దానికి పైకి కనిపించే మీటరు లేదు కదా!

మా మేనల్లుడు కుప్పం దగ్గర శాంతిపురంలో ఉంటాడు. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి బతకాలని అతని ఆశ. రెండేళ్ళు కూడబెట్టిన డబ్బుతో ఒక పాత నైకాన్ డి750 కెమెరాను బేరమాడాడు. "తీసినవి రెండువేల చిల్లర ఫోటోలే. కావలిస్తే నెంబరు చూసుకో!" అన్నాడట అమ్మేవాడు. డబ్బు ఇచ్చేముందు, "మామా, నువ్వొకసారి చూడు," అని నన్ను పిలిచాడు.

మీరైతే ఆ నెంబరును నమ్ముతారా? ఫోటో పేరులో నెంబరుకు నాలుగే అంకెల చోటున్నది. 9999 కాగానే మళ్ళీ 0001 వస్తుంది!

కెమెరా లోపల షట్టరు అనే తెర ఉన్నది. ఫోటో తీసినప్పుడల్లా అది కంటిరెప్పలా ఆడుతుంది. బావి గిలక అరిగినట్టే అదీ అరుగుతుంది. డి750 షట్టరును 1,50,000 సార్లు ఆడించి పరీక్షించామని నైకాన్ వారు చెప్పారు.

అసలు లెక్క ఎక్కడున్నదంటారా? ఈ కెమెరా తీసే ప్రతి ఫోటోలోనూ కంటికి కనిపించని చీటీ ఒకటి దాగి ఉంటుంది. ఫోటో తీసిన తేదీ, వేళ, షట్టరు అంతవరకు ఎన్నిసార్లు ఆడినదీ అందులో ఉంటాయి. మేము అక్కడికక్కడే ఒక ఫోటో తీసి, కార్డులోనుంచి నేరుగా కంప్యూటరుకు ఎక్కించి, ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాముతో చదివించాము. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో అయితే పనికిరాదు. దారిలోనే ఆ చీటీ ఊడిపోతుంది.

ఫోటో పేరులో 2316 ఉన్నది. చీటీలో మాత్రం 62,310! ఎలాగంటే, 9999ని 6తో హెచ్చవేసి, 2,316 కలిపి చూడండి.

అంతమాత్రాన కెమెరా పాడైనట్టు కాదు. 1,50,000 అన్నది పరీక్ష లెక్కే గాని ఆయువు లెక్క కాదు. షట్టరు అంతకుముందే ఆగవచ్చు, ఆ తరవాతా ఆడవచ్చు. పైగా గంటసేపు వీడియో తీసినా ఈ లెక్క పెద్దగా పెరగదు. అందుచేత మీటలు, తెర, లెన్సు బిగించే చోటు కూడా చూశాము. అన్నీ బాగానే ఉన్నాయి. లెక్క చూపగానే అమ్మేవాడు మారుమాటాడక ధర తగ్గించాడు. మిగిలిన డబ్బుతో మావాడు రెండో బ్యాటరీ కొన్నాడు.

కాని అన్ని కెమెరాలకూ ఈ ఉపాయం పనికిరాదు. కానన్ కెమెరాలలో చాలా రకాలు ఈ లెక్కను ఫోటోలో రాయవు. వాటిని తీగతో కంప్యూటరుకు కలిపి అడగవలసి ఉంటుంది.

ఇప్పుడు మీకొక ప్రశ్న: ఫోటో నెంబరు 0012 అని చూపే కెమెరా కొత్తదా, పాతదా?