కాశీ దారిలో కార్వాన్ మజిలీ

కార్వాన్, హైదరాబాద్
ఆదివారం, మధ్యాహ్నం

దోస్తూ,

నువ్వు డల్లాస్ విమానం ఎక్కాక, పాత్రలు కట్టి కథ నడిపే మన ఆదివారం ఆట అటకెక్కిందని అనుకుంటున్నావేమో. అదేం లేదు, నడుస్తూనే ఉంది. కాకపోతే డ్రాగన్లకీ ఎల్ఫులకీ సెలవిచ్చేశాం. ఇప్పుడు మన బల్ల మీద మణిసిద్ధుడు మకాం వేశాడు.

అవును, కాశీమజిలీ కథలే. మొదట దాసరి సుబ్రహ్మణ్యం గారి చందమామ సీరియళ్లు తీసుకుందామనుకున్నాం. 'తోకచుక్క' మొదలుకొని ఎన్ని కోటలు, ఎన్ని లోయలు, వాటికి 'చిత్రా' వేసిన ఎన్ని బొమ్మలు! కానీ దాసరి పోయింది 2010లో. ఇంట్లో ఆడుకుంటే అడిగేవాడుండడు గానీ, రేపు పుస్తకంగా అచ్చు వేద్దామంటే హక్కుల పేచీ వస్తుంది. కాశీమజిలీ రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు గారు పోయి దాదాపు వందేళ్లు కావస్తోంది, ఆయన కథలకి ఆ బెడద లేదు. 1951లో 'పాతాళభైరవి' తీసినవాళ్లు కూడా నీళ్లు తోడుకున్నది ఈ బావిలోంచే.

అసలు విషయం ఇది. మాంత్రికులూ గుహలూ ఏ దేశం కథల్లోనైనా దొరుకుతాయి. కాశీమజిలీలో ఉన్న గొప్ప ఏర్పాటు గొల్లవాడు. కాశీకి బయలుదేరిన మణిసిద్ధుడనే స్వామికి దారిలో తోడు కావాలి. వస్తానన్నవాడు ఆ కుర్రాడొక్కడే, అదీ ఒక షరతు మీద. మజిలీ చేసిన ప్రతి ఊళ్లో తాను చూసిన వింత గురించి అడుగుతాడు, స్వామి దాని కథ చెప్పాలి. స్వామి తన మణి మహిమతో జరిగిందంతా తెలుసుకుని చెబుతాడు. మన ఆటలో కథ నడిపే డంజన్ మాస్టర్ చేసేది ఇదే కదరా! తేడా ఒక్కటే. అక్కడ మాస్టర్ తను రాసుకొచ్చిన గుహలోకే అందర్నీ తోలుకుపోతాడు. ఇక్కడ ప్రశ్న గొల్లవాడిది. ఏ రాయి గురించి అడిగితే ఆ రాయి కింద కథ పుట్టాలి. అందుకే మేం పెట్టుకున్న మొదటి నియమం: ప్రతి మజిలీలో ఆటగాళ్లే ఒక వింతను చూపించి అడగాలి, మాస్టర్ తప్పించుకోకూడదు. నేను ముందే రాసుకున్న కాగితాలన్నీ పక్కన పడేయాల్సి వచ్చిందనుకో.

ఇరవై ముఖాల పాచిక కూడా తీసేశాం. అందులో ఒకటి పడటానికీ ఇరవై పడటానికీ ఒకే అవకాశం. వీరుడైనా వాజమ్మైనా ఆ లాటరీకి లోబడాల్సిందే. ఇప్పుడు ఆరు గవ్వలు వేస్తున్నాం. వెల్లకిలా, బోర్లా సమానంగా పడతాయనుకుంటే అవి పడగల 64 తీరుల్లో సరిగ్గా మూడు తెరుచుకునేవి 20. ఆరూ తెరుచుకునేది ఒక్కటే. మామూలు పనికి మామూలు ఫలితం, అద్భుతం ఎప్పుడో ఒకసారి. ఆరూ పడ్డ రోజు మా అరుపులకి పక్కింటి పెద్దమనిషి ఏమైందోనని తలుపు కొట్టాడు.

మొదటి మజిలీ ఎక్కడంటావ్? మన కార్వానే. గోల్కొండ నుంచి పురానాపూల్ వైపు వచ్చే దారిలో ఒకప్పుడు వజ్రాల వర్తకులు దిగిన పేట ఇది. ఆ వజ్రాలు గోల్కొండలో తవ్వినవి కావు, కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనుల నుంచి ఇక్కడికి వచ్చేవి. ఈ సంగతి మన గల్లీలోనే సగం మందికి తెలియదు. ఆటలో కాలం 1671, ఇక్కడి టోలీ మసీదు కట్టిన ఏడు. ఒక సాహుకారు మూట మాయమైంది. వెతకడానికి వచ్చినవాళ్లలో ఒకడు మసీదు గోడ మీద చెక్కిన నగిషీ చూపించి 'ఇది చెక్కిందెవరు, ఎందుకు?' అని అడిగాడు. ఇంకేం, మూట సంగతి మూలకు పోయింది.

పాతదాన్ని దులిపి పెట్టడం అంత తేలిక కాదులే. 1989 నాటి 'స్పెల్‌జామర్' అనే ఆట లోకాన్ని 2022లో మళ్లీ తెచ్చినప్పుడు, అందులో ఒక కోతిజాతికి రాసిన బానిసత్వపు కథ మీద గొడవ లేచి, ఆట కంపెనీ క్షమాపణ చెప్పి ఆ భాగం తీసేసింది. మన పాత కథల్లోనూ గెలిచినవాడికి రాకుమార్తెను బహుమానంగా కట్టబెట్టడం ఉందిగా. దాన్ని ఎత్తేశాం. మా చెల్లెలి పాత్రే ఇప్పుడు ఆ రాకుమార్తె. గొల్లవాడి కన్నా మొండి ప్రశ్నలు వేస్తోంది.

ఇక నీతో పని. మీ తాతగారి బైండు సంపుటాలు నువ్వు పెట్టెలో సర్దుకుపోయావని అమ్మ చెప్పింది. కథలన్నీ అక్కర్లేదు. ప్రతి మజిలీ మొదట్లో గొల్లవాడు ప్రశ్న అడిగే పేజీలు ఫోన్లో ఫోటో తీసి పంపు. అలాగే మాకు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరంటే నీకు శనివారం రాత్రి పదే కదా. వీడియోలో కూర్చో. గవ్వలు నీ తరఫున నేను వేస్తాను. ప్రశ్న మాత్రం నువ్వే ఆలోచించుకుని రా.

నీ దోస్తు