వేడినీరు నేర్పిన పాఠం

కరవు సీమలో పుట్టినవారికి నీటిని గూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదని మేము చాలాకాలం భ్రమపడ్డాము. మాది తనకల్లు. ఒకప్పుడు అనంతపురం జిల్లాలోను, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోను చేరిన మెట్టప్రాంతం. అనంతపురం సీమలో ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనా వేళకు రాదు. బావులలో నీరు తగ్గిన కొలది మా పెద్దలు బావి లోపలి దరిని చెక్కి, మోటారును మెట్టు మెట్టుగా క్రిందికి దించుకొనేవారు. బాల్యం నుండి చూచిన ఆ దృశ్యంలోని శాస్త్రం మాకు బోధపడలేదు. దానిని బోధించినది ఒక నూనెమిల్లులోని వేడినీరు.

కదిరి ప్రాంతం వేరుశనగకు పేరుపొందినది గదా! ఆ దారిలో మా బంధువులకు ఒక చిన్న నూనెమిల్లు ఉండేది. బుడ్డల పొట్టుతో మండే బాయిలరు నుండి ఆవిరి బయలుదేరి, కెటిల్ చుట్టూ ఉన్న జాకెట్టులో ప్రవేశించి, లోపలి పప్పును వేడిచేసి, తాను చల్లబడి నీరవుతుంది. దీనినే కండెన్సేట్ అంటారు. మా బోరునీటిలోని సున్నం బాయిలరు గొట్టాలకు పెచ్చు కట్టిస్తుంది. ఈ నీటికి ఆ దోషం లేదు. పైగా ఇది మరుగుటకు సిద్ధంగా ఉన్న నీరు. బాయిలరుకు పోయే నీటి వేడి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనంలో సుమారు 1 శాతం ఆదా అవుతుంది. ఇట్టి నీరు ఏళ్ళ తరబడి మురుగు కాలువ పాలైనది.

2018లో ట్యాంకరు నీరు కొనవలసి వచ్చినప్పుడు గాని మిల్లువారికి ఆ కాలువ కనబడలేదు. నేలలో తొట్టి కట్టి వేడినీటిని పట్టారు. తొట్టి గట్టుపై 5 హెచ్.పి. మోనోబ్లాకు పంపు కూర్చోబెట్టారు. అమ్మినవారు "నీరెక్కడైనా నీరే" అన్నారట. అది నడిచినంతసేపు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్లు శబ్దం. నెల తిరుగకముందే ఇంపెల్లరుపై అమ్మవారి మచ్చల వలె గుంటలు పడినవి. దానిని తీసి 7.5 హెచ్.పి. పంపు పెట్టగా అది మరింత త్వరగా పాడైనది.

తప్పు బాయిలరు చూచే చాచాపై పడినది. నీరు లేకుండా ఎండగా తిప్పినాడని అందరూ అన్నారు. అప్పుడు మేము కళాశాల విద్యార్థులము. భౌతికశాస్త్రం చదువుతున్నామన్న గర్వంతో మేమును నలుగురి ముందు ఆ మాటే పలికాము. ఆయన వారం కూలి కోసివేశారు. ఆయన కోపగించలేదు. సాయంకాలం మమ్ము పిలిచి ఇట్లన్నారు: "బేటా, నీళ్ళు ఆరినాక మోటారు మెదలకుండా తిరుగుతాది. పొగలు కక్కేటప్పుడే సద్దు చేస్తాది. నేను ఎండగా తిప్పింటే రెండు వేళలా సద్దు రావల్ల కదా?"

ఆ రాత్రి పుస్తకం తెరచాము. పంపు నీటిని లాగదు. లోపల పీడనం తగ్గిస్తుంది, బయటి గాలి బరువు నీటిని పైకి నెట్టుతుంది. గాలికి బరువున్నదని 1643లో ఇటలీ శాస్త్రజ్ఞుడు టొరిచెల్లి పాదరసంతో నిరూపించాడు. సముద్రమట్టం వద్ద ఆ బలం సుమారు 10.3 మీటర్ల నీటిని నిలుపగలదు. మా పీఠభూమిపై ఇంకా తక్కువ. బావిలో మోటారును దించుటకు కారణమిదే. ఇక నీరు వేడెక్కితే దాని ఆవిరి ఎదురు తిరిగి, 60 డిగ్రీల వద్ద అందులో సుమారు 2 మీటర్లు, 80 వద్ద దాదాపు 5 మీటర్లు హరిస్తుంది. మరిగే నీటికి ఏమియు మిగలదు. పీడనం తగ్గిన చోట ఆవిరి బుడగలు పుట్టి, పీడనం పెరిగిన చోట చితికి, లోహాన్ని కొరుకుతాయి. చాచా విన్న సద్దు ఆ బుడగలదే. పెద్ద పంపు ఎక్కువ నీటిని కోరుతుంది కనుక ఆ కీడు పెరిగినదే గాని తరుగలేదు.

మరునాడు మేము చాచాతో కూడ మిల్లువారి వద్దకు పోయి, మా మాట తప్పని అందరి ముందు ఒప్పుకొన్నాము. కోసిన కూలి తిరిగి ఇచ్చారు. తొట్టి ప్రక్కన లోతుగా పొడి గొయ్యి త్రవ్వించి, నీటిమట్టం ఎల్లప్పుడు పంపుకన్న పైన నిలుచునట్లు పంపును దించారు. చూషణ గొట్టాన్ని పొట్టిగా, వెడల్పుగా, వంపులు లేకుండా వేసి, ఫుట్‌వాల్వు తీసివేశారు. తొట్టికి గాలిగొట్టం, పంపుకు వేడికి ఓర్చే సీలు అమర్చారు. ఈమారు ఇంపెల్లరు చెడలేదు.

కరెంటు నిలకడ లేని చోట మరొక మార్గం కలదు. ఆవిరితోనే పనిచేసే పంపు అది. పాత్ర నిండగానే లోపలి బుంగ తేలి ఆవిరి ద్వారం తెరుస్తుంది, ఆవిరి నీటిని త్రోసివేస్తుంది. తిరిగే ఇంపెల్లరు లేదు గనుక కొరుకుడు లేదు. ఆవిరి పీడనంతో నీటిని త్రోయుట 1698లో ఇంగ్లండులో థామస్ సేవరీ పేటెంటు పొందిన యంత్రంలోనే ఉన్నది. అయితే దీనికిని నీరు పైనుండి తనంతట దిగవలెను.

విద్యార్థి మిత్రులారా, రేపు మీలో కొందరు మిల్లులలో, ఆసుపత్రులలో, వసతిగృహాల వంటశాలలలో ఇట్టి పంపులను ఎన్నుకొనవలసి రావచ్చును. హెచ్.పి. అడుగుటకు ముందు నీటి వేడి ఎంత, నీరు పంపుకన్న పైన ఉన్నదా క్రింద ఉన్నదా అని అడుగుడు. అంతకు ముందు, యంత్రం ప్రక్కన దినమంతా నిలుచున్న మనిషి ఏమి విన్నాడో అడుగుడు. మేము ఆ ప్రశ్న ఆలస్యంగా అడిగాము. ఆ ఆలస్యానికి వారం కూలి చెల్లించినవాడు మాత్రం మేము కాము.